టైల్స్ సంగతి తర్వాత, ముందు స్లాబ్ చూపించండి

ప్రశ్న: మాది కాకినాడ. 1994లో మా మావగారు కట్టించిన ఒక అంతస్తు డాబా ఇల్లు, 1,150 చదరపు అడుగులు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దామనుకుంటున్నాం. పాత మొజాయిక్ మీదే టైల్స్ వేయించవచ్చా, పగలగొట్టాలా? రెండు బాత్రూమ్‌లలో ఒకదాన్ని మా అత్తగారికి (76 ఏళ్లు) వీలుగా కమోడ్ పెట్టి మార్చాలి. దాని పక్కనున్న పడగ్గది గోడకి అడుగున ఎప్పుడూ చెమ్మే. రెండు ఏసీలు, రెండు గీజర్లు కొత్తగా పెట్టాలి. నాలుగైదేళ్లలో పైన ఒక అంతస్తు వేసే ఆలోచన కూడా ఉంది. దేనితో మొదలుపెట్టాలి? ఎన్నాళ్లు పడుతుంది? పని జరుగుతుండగా ఇంట్లోనే ఉండొచ్చా? మేస్త్రీ మొత్తానికి ఒకే అంకె చెప్పి సగం అడ్వాన్స్ అడుగుతున్నాడు. ఇంకో సంగతి, వంటింట్లోనూ వరండాలోనూ స్లాబ్ అడుగున పెచ్చులూడుతున్నాయి. ఫాల్స్ సీలింగ్ వేసేస్తే కనబడదంటున్నాడు. (ఒక గృహిణి, కాకినాడ)

సమాధానం: ఉత్తరం చివర "ఇంకో సంగతి" అని రాశారే, అసలు సంగతి అదే. మిగతావన్నీ దాని తర్వాత. పెచ్చులూడే స్లాబ్ కింద ఫాల్స్ సీలింగ్ వేయడమంటే జబ్బుకి ముసుగు వేయడమే. పైగా ఆ సీలింగ్‌ని పట్టి ఉంచే స్క్రూలు దిగేది ఆ పుచ్చిన కాంక్రీటులోకే. రాలిన పెచ్చు సీలింగ్ మీద పడి కూర్చుంటుంది, బరువు పెరుగుతుంది, ఒకనాడు రెండూ కలిసి కిందికి వస్తాయి. ఈ మాట చెప్పిన మేస్త్రీ చేతిలో స్లాబ్ మరమ్మతు పెట్టకండి.

పెచ్చులు ఎందుకు ఊడతాయో తెలిస్తే మరమ్మతు ఎలా ఉండాలో మీకే అర్థమవుతుంది. లోపలి ఊచ తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింద ఉన్న కాంక్రీటు పొర పగిలి ఊడుతుంది. సముద్రతీరంలో ఉప్పుగాలి, డాబా మీద నిలిచే వాననీరు, వంటింటి ఆవిరి తుప్పుని తొందర చేస్తాయి. ఊచ కింద కాంక్రీటు అరంగుళం కూడా లేకుండా పోసిన పాత స్లాబుల్లో ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది. ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే తుప్పు లోపల అలాగే సాగుతుంది, రెండు మూడేళ్లలో అదే పెచ్చు మళ్లీ లేస్తుంది.

ముందుగా ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ప్లాను గీసే డిజైనరు వేరు, ఈయన వేరు. చిన్న సుత్తితో స్లాబ్ అడుగంతా తట్టించి, బోలు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీయించండి. కనబడే పెచ్చుకి రెండు మూడింతలు విస్తీర్ణం తేలినా ఆశ్చర్యపోకండి. రెండు మూడు చోట్ల తాజాగా చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, మంచి కాంక్రీటు గులాబీరంగుకి తిరుగుతుంది. రంగు రాలేదంటే ఊచని తుప్పు నుంచి కాపాడే క్షారగుణం అక్కడ పోయినట్టే. రీబౌండ్ హ్యామర్‌తో బలం అంచనా కూడా కడతారు. బోలు సగానికి మించిందంటే ఆ గది స్లాబ్ తీసి కొత్తది పోయడమే మేలని ఇంజనీరు అనవచ్చు. ఆ మాట టైల్స్ కొన్నాక వినడం కన్నా ముందే వినడం మంచిది.

మరమ్మతుతో సరిపోతుందంటే క్రమం ఇది. మొదట పైన డాబా మీద నీటిని ఆపాలి. పగుళ్లని వి ఆకారంలో చెక్కి నింపడం, పిట్టగోడ కలిసే మూల వెంట గుండ్రంగా మలచడం, నీరు బయటికి పోయే వాలు సరిచేయడం, ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్ పూత. తర్వాత అడుగున బోలు చోట్లన్నీ ఊచ వెనక్కి వేలు దూరేంత లోతుగా చెక్కించాలి. అడుగుభాగం మాత్రమే శుభ్రం చేసి వదిలేస్తే వెనక తుప్పు మిగిలిపోతుంది. మరమ్మతు అంచు మంచి కాంక్రీటులోకి కొంత దూరం పోవాలి. లేకపోతే ఉప్పు పట్టిన ఇంట్లో కొత్త మాసికల చుట్టూనే తుప్పు తిరిగి మొదలవుతుంది. ఊచని వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, అదే రోజు జింక్ ప్రైమర్ కొట్టాలి. మందంలో పావువంతు దాకా తుప్పు తినేసిన ఊచ పక్కన కొత్త ఊచ కట్టాలి. ఆపైన బాండింగ్ ఏజెంట్, అది తడి ఆరకముందే పాలిమర్ మోర్టారు. ఒక్కో పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లే. మందంగా ఒకేసారి కొడితే బరువుకి జారిపోతుంది. చెక్కే ముందే ఆ భాగం కింద జాకీలు (స్లాబ్‌ని మోసే ఇనుప ఆసరాలు) నిలబెట్టించండి.

ఇక పై అంతస్తు. ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి, ఎందుకంటే సగం ఖర్చు దానిమీద ఆధారపడి ఉంది. పైన ఇల్లు వస్తే ఇప్పటి డాబా ఆ ఇంటికి నేల అవుతుంది. మనుషులు ఎక్కే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల వాడుక బరువు లెక్క కడితే, ఇంటి నేలకి 200 కిలోలు కడతారు. దాని మీద రెండంగుళాల సిమెంటు పరుపు వేస్తే చదరపు మీటరుకి మరో 100 కిలోలు పైమాటే. తుప్పు తిన్న స్లాబ్ దీనికి ఆగుతుందా అన్నది ఒక ప్రశ్న, పునాది ఆగుతుందా అన్నది రెండోది. ఇంటి మూల దగ్గర పునాది అడుగు కనబడేదాకా గొయ్యి తీయించి వెడల్పూ లోతూ ఇంజనీరుకి చూపించండి. ఒకరోజు కూలితో అయ్యే పని. పై అంతస్తు ఖాయమైతే డాబా మీద ఖరీదైన పూతలు వద్దు, నాలుగైదేళ్లు ఆగేది చాలు. పైకి పోయే నీటి పైపులకీ కరెంటుకీ దారి మాత్రం ఇప్పుడే వదలండి. కొత్త అంతస్తుకి నగరపాలక సంస్థ నుంచి ప్లాను అనుమతి తప్పదు. టైల్స్, రంగులు, వైరింగ్ లాంటి లోపలి పనులకి మామూలుగా ఆ అవసరం రాదు.

వంటింటి గోడ దగ్గరికి వద్దాం. ఆ కాలం ఇళ్లు చాలావాటిలో పిల్లర్లుండవు, స్లాబ్ గోడల మీదే కూర్చుంటుంది. గుమ్మం దగ్గర గోడ మందం కొలవండి. పూతతో కలిపి పది అంగుళాలుంటే అది తొమ్మిదంగుళాల గోడ, స్లాబ్ బరువు మోస్తోందనే అనుకోవాలి. ఐదున్నర, ఆరు అంగుళాలుంటే నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. సన్నగోడని తీసేయొచ్చని మాత్రం మీ అంతట మీరు తేల్చుకోకండి. ముప్పై ఏళ్లలో స్లాబ్ కాస్త వంగి దానిమీద ఆనుకుని ఉండొచ్చు.

తొమ్మిదంగుళాల గోడే అయితే మొత్తం తీయడం కన్నా, రెండు పక్కలా అడుగున్నర, రెండడుగుల గోడ ఉంచి మధ్యలో ఆరేడు అడుగులు తెరవడం మంచి ఉపాయం. ఒక్క మనిషి నడిచే దారి, దాని పక్కన వంట గట్టు ఎత్తున నాలుగడుగుల కిటికీ పెట్టుకుంటే ఇంకా మేలు. ఎండుమిరపకాయల తిరగమోత వేసే ఇంట్లో పూర్తి ఓపెన్ కిచెన్ ఎలా ఉంటుందో వారం రోజులు ఊహించుకుని నిర్ణయించుకోండి. చిమ్నీ కొంత సాయం చేస్తుంది, అదీ ఆరంగుళాల గొట్టం ఒకే మలుపుతో దగ్గర్లోని బయటి గోడకి పోయినప్పుడే.

గోడ తీసే తీరు: రెండు వైపులా స్లాబ్ కింద పైనా కిందా పలకలు పెట్టి మూడు, నాలుగు అడుగులకొక జాకీ బిగించాలి. పై వరసలో సగం మందం కోసి, మొదటి ఉక్కు చానల్ (గోడ బదులు స్లాబ్‌ని మోసే దూలం) దూర్చి ప్యాక్ చేశాకే రెండో సగం కోయాలి. చానల్ సైజు ఇంజనీరు రాసివ్వాలి. రెండు కొసలూ కనీసం తొమ్మిదంగుళాలు గోడమీద ఆనాలి, అదీ ఇటుక మీద నేరుగా కాదు, చిన్న కాంక్రీటు దిమ్మ మీద. స్లాబ్‌కీ ఉక్కుకీ మధ్య ఖాళీని కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. ఇక్కడ మామూలు సిమెంటు కూరితే అది ఆరి కుంచించుకుని, ఆ సందు మేర స్లాబ్ దిగి పగులుతుంది. ఉక్కుకి తుప్పు నిరోధక ప్రైమరు బిగించకముందే వేయించండి. కాంక్రీటు దూలం పోస్తే జాకీలు 14 రోజులు కదపకూడదు.

బాత్రూమ్ చెమ్మకి మందు వేసే ముందు జబ్బు పట్టుకోండి. ఖర్చులేని పరీక్షలు మూడు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి నీరెక్కకుండా మోటారూ మునిసిపల్ నీరూ ఆపి, నీటిమట్టం గుర్తు పెట్టండి. తెల్లవారేసరికి తగ్గితే గోడలోని పైపు కారుతోంది. పాత జీఐ (జింకు పూసిన ఇనుప) పైపులు లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లులు పడటం మామూలే. మట్టం తగ్గకపోతే బాత్రూమ్ నేలలో నీరు పోయే నహానీ ట్రాప్ మూతి బిగించి రెండంగుళాల నీరు పోసి, అందులో ఏదైనా రంగు కలిపి ఒకరోజు ఉంచండి. నీరు తగ్గినా, అవతల రంగు కనబడినా నేలలో లోపం. రెండూ కాకుండా, బాత్రూమ్‌తో సంబంధం లేని గోడలకి కూడా అదే ఎత్తున చెమ్మ, తెల్లటి ఉప్పు కనిపిస్తే అది భూమిలోంచి ఎక్కుతున్న తేమ. అప్పుడు బాత్రూమ్ ఎంత పగలగొట్టినా ఆ గోడ ఆరదు. గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి తేమని ఆపే రసాయనం ఎక్కించాలి. ఉప్పుబట్టిన పూతని చెమ్మ గీతకి అడుగు పైదాకా తీసేసి, గోడ ఆరాకే కొత్త పూత వేయాలి. చెమ్మ మీద లప్పం పెడితే ఏడాది తిరక్కుండా బుడగలు కడుతుంది.

బాత్రూమ్ ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి నేల మొత్తం తీయించి పైపులు కొత్తవి వేయించండి. వేడినీటికీ చన్నీటికీ సీపీవీసీ (వేడికి ఆగే ప్లాస్టిక్ పైపు), కమోడ్‌కి 110 మిల్లీమీటర్ల పైపు, స్నానపు నీటికి 75. సీపీవీసీకి దాని జిగురే వాడాలి, మామూలు పీవీసీ జిగురు వేడికి వదిలేస్తుంది. గీజరు కలిసే చోట ఇత్తడి మరలున్న ఫిట్టింగే పెట్టించండి. గోడ మూసేముందు పంపుతో ఒత్తిడి పెట్టి ఒక రాత్రి ఉంచాలి, మీటరు ముల్లు కిందికి దిగకూడదు. కమోడ్ పైపుకి నాలుగడుగులకి ఒక అంగుళం వాలు ఉండాలి. వాస్తు పేరుతో దొడ్డిని ఇంకో మూలకి మార్చమని ఎవరైనా చెబితే ముందు ఈ లెక్క వేయండి. ఇరవై అడుగుల దూరానికి ఐదంగుళాలు దిగాలి, సెప్టిక్ ట్యాంకులోకి పోయే మూతి అంత కిందికి ఉందా?

వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. గోడలకి అడుగు ఎత్తుదాకా, స్నానం చేసే మూల ఆరడుగుల దాకా. పైపు నేలలోంచి బయటికొచ్చే చుట్టూ ప్రత్యేకంగా నింపించాలి, కారేది ఎక్కువగా అక్కడే. పూత ఆరాక రెండంగుళాల నీరు నింపి 48 గంటలు ఉంచకుండా ఒక్క టైలు కూడా వేయనివ్వకండి. "టైల్స్ పడితే అదే ఆగుతుంది" అంటారు. టైల్స్ నీటిని ఆపవు, సందుల్లోంచి దిగుతూనే ఉంటుంది. నేల వాలు మీటరుకి ఒక సెంటీమీటరు పైన ఉండాలి.

మీ అత్తగారి కోసం: తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోతే తలుపు అడ్డం రాకుండా. గడప ఎత్తు అరంగుళం మించకూడదు. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తు. పట్టుకునే కడ్డీలు కమోడ్ పక్కన ఒకటి, స్నానం దగ్గర ఒకటి, ఇటుకలోకి దిగే స్టీలు యాంకర్లతో. నేలకి గరుకు టైల్స్, నునుపు చూసి మోజుపడొద్దు.

కరెంటు గురించి. ఆనాటి బద్ద వైరింగ్ గానీ, ఎర్త్ లేని రెండు తీగల వైరింగ్ గానీ ఉంటే ముక్కలుముక్కలుగా కలపకుండా మొత్తం మార్చడమే. లైట్లకి, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజరుకీ తలొక ప్రత్యేక లైను 4 చదరపు మిల్లీమీటర్లతో. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) తప్పనిసరి. ఒక చిక్కు ఉంది. రెండు సర్క్యూట్ల న్యూట్రల్ తీగలు ఎక్కడైనా కలిసిపోతే ఆ ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. విసుగెత్తి కొందరు ఎలక్ట్రీషియన్లు దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తారు. అలా చేయనివ్వకండి, కలిసిన న్యూట్రల్ వెతికి విడదీయాల్సిందే. రెండు ఏసీలు మూడున్నర కిలోవాట్లు, రెండు గీజర్లు నాలుగు, అన్నీ ఒకేసారి నడవకపోయినా పాత కనెక్షన్ లోడ్ చాలదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో అదనపు లోడుకి పని మొదట్లోనే దరఖాస్తు చేయండి.

పైపులకి గోడ చెక్కడానికి ఒక హద్దు ఉంది: నిలువుగా గోడ మందంలో మూడోవంతు, అడ్డంగా ఆరోవంతు. తొమ్మిదంగుళాల గోడలో అడ్డంగా ఒకటిన్నర అంగుళం వరకే. నాలుగున్నర అంగుళాల గోడలో ముప్పావు అంగుళమే, అంటే 25 మిల్లీమీటర్ల పైపు కూడా పట్టదు. అందుకే పైపుల్ని పైనుంచి నిలువుగా దింపించండి. మూసేముందు ప్రతి గోడనీ కొలత టేపు కనబడేలా ఫోటో తీసి దాచుకోండి. మూసేటప్పుడు గాడి మీద కోడి మెష్ (సన్న ఇనుప వల) కొట్టించకపోతే ఆ గీత వెంటే పూత పగులుతుంది.

ఇప్పుడు టైల్స్. మీ మొజాయిక్‌ని చిన్నచూపు చూడకండి. పగుళ్లు లేకుండా, తడితే గట్టిగా మోగుతుంటే, రాయి పట్టించి మళ్లీ పాలిష్ చేయిస్తే కొత్త టైల్స్ ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది. మిగిలిన డబ్బు స్లాబ్‌కి పనికొస్తుంది. మా సలహా అదే. కాదు, టైల్సే కావాలంటే పాతదాని మీదే వేయొచ్చు, కానీ బోలు శబ్దం వచ్చే చోట్లు తీసేయాలి. మైనం పట్టిన నునుపుని మెషీన్‌తో గరుకు చేయాలి. సిమెంటు పాలు కాకుండా టైల్ అడ్హెసివే వాడాలి. విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపు పీల్చదు, అందుకే మామూలు సిమెంటు దాన్ని పట్టుకోదు. నేల ముప్పావు అంగుళం పెరుగుతుంది, తలుపులన్నిటి అడుగూ కోయాలి, బాత్రూమ్ నేల గది కన్నా కిందే ఉండేలా ముందే చూసుకోవాలి. టైలుకి టైలుకి 2 మిల్లీమీటర్ల సందు, గోడ అంచున స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైలు పట్టీ) కింద 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఈ ఖాళీలు లేకుండా బిగించి వేస్తే ఎండలకి పొంగి, హాలు మధ్యలో టైల్స్ గుడారంలా లేస్తాయి.

లెక్క ఇలా వేసుకోండి. లోపలి నేల 900 చదరపు అడుగులనుకుంటే, రెండడుగుల చదరం టైల్స్ 225. కోతలకి 7 శాతం కలిపితే 241, పెట్టెకి నాలుగు చొప్పున 61 పెట్టెలు. స్కర్టింగ్ 320 అడుగులుంటే, ఒక టైలు నుంచి నాలుగంగుళాల పట్టీలు ఆరు, అంటే పన్నెండడుగులు, కాబట్టి 27 టైల్స్, మరో 7 పెట్టెలు. ఒక పెట్టె అటక మీద దాచుకోవడానికి. మొత్తం 69, అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి. 20 కిలోల అడ్హెసివ్ బస్తా 40 నుంచి 50 చదరపు అడుగులకి వస్తుంది. వంటింటి అల్మరాలకి ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి ఆగే ప్లైవుడ్డే వాడండి. సింకు కింద ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన పలక) పెడితే ఉబ్బిపోతుంది.

మేస్త్రీ ఒకే అంకె చెప్పడం ఆయనకి సుఖం, మీకు కష్టం. పనివారీగా కొలతతో ధర రాయించుకోండి: పగలగొట్టడం, ఎత్తి పారేయడం, స్లాబ్ మరమ్మతు చదరపు అడుగుకి, టైల్స్ చదరపు అడుగుకి, స్కర్టింగ్ అడుగుకి, గాడి కొట్టడం అడుగుకి. రంగు కొలతలో తలుపులూ కిటికీలూ తీసేస్తారో లేదో ముందే తేల్చుకోండి. స్లాబ్ మరమ్మతు ఎంత తేలుతుందో చెక్కేదాకా తెలియదు కనుక దాన్ని మొత్తం అంకెలో కలపనే కూడదు. పది అడుగుల చదరపు తొమ్మిదంగుళాల గోడ తీస్తే 75 ఘనపుటడుగులు, వదులయ్యేసరికి వంద, అంటే ఒక ట్రాక్టరు లోడు. ఎక్కడ పారబోస్తారో, ఎవరు డబ్బిస్తారో రాసుకోండి. అడ్వాన్స్ పది శాతం చాలు, మిగతాది పని దశల్ని బట్టి ఇవ్వండి. చివరి పది శాతం ఒక మంచి వాన చూశాక ఇస్తామని ముందే ఒప్పుకోండి. మీ చేతిలో మొత్తం అంచనా మీద 15 నుంచి 20 శాతం పక్కన ఉండాలి.

కాలం విషయానికొస్తే, సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే పది పన్నెండు వారాల్లో, వానలకి ముందే ముగుస్తుంది. జూన్ తర్వాత డాబా తెరవడం, అక్టోబరు, నవంబరు తుపానుల్లో స్లాబ్ తాకడం కూడదు. ఎండల్లో కొత్త పూతలూ కాంక్రీటూ తడి గోనెలు కప్పి కనీసం వారం తడపాలి. వరస ఇది: ఇంజనీరు, డాబా, స్లాబ్ అడుగు, గోడ తెరవడం, పైపులు, వైర్లు, పూతలు, బాత్రూమ్ నీటి పరీక్ష, టైల్స్ లేదా పాలిష్, లప్పం, చెక్కపని, చివరి పొర రంగు. చెక్కపని వాళ్లు వచ్చాక పైపులు మార్చే ఇంట్లో డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

స్లాబ్ చెక్కే వారాలూ జాకీలు ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉండకండి, ముఖ్యంగా మీ అత్తగారు. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, నేలంతా తీగలూ గొట్టాలే. ఆ దశ దాటాక, ఒక బాత్రూమ్ పూర్తిగా వాడుకలోకి వచ్చాకే రెండోది పగలగొట్టేట్టు ఒప్పందం చేసుకుంటే తిరిగి వచ్చి ఉండొచ్చు. ఈలోగా వరండాలో పెచ్చు ఊగుతున్న చోట కుర్చీ వేయకుండా, వంటింట్లో పొయ్యి ఆ భాగం కింద ఉంటే పక్కకి జరిపించండి. ఇది ఇంజనీరు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదు.